స్వర్ణ పెట్టనన్న సంతకం

ఆబిడ్స్‌లోని ఒక ప్రైవేటు రక్తపరీక్షల ల్యాబులో స్వర్ణ కంప్యూటర్లు చూసుకుంటుంది. నారాయణపేట వైపు నుంచి కూలికి వచ్చిన పూలమ్మ కూతురు. నాంపల్లిలోని కిరాయి ఇంటి నుంచి రోజూ నడిచే వస్తుంది.

ల్యాబుకు ఒకే పెద్ద సర్వరు. దాని లోపల సాఫ్ట్‌వేరుతో కట్టిన ఆరు వర్చువల్ మెషీన్లు, ఒక్కోదానికి డిస్కులా పనిచేసే ఒక్కో పెద్ద ఫైలు. మేనేజరు వరప్రసాద్ పెట్టించిన ప్రోగ్రాము ఆ ఫైళ్లను రోజూ కాపీ చేసి తెర మీద పచ్చ టిక్ చూపించేది. ‘బ్యాకప్ సరిగా ఉంది’ అన్న కాగితం మీద స్వర్ణ నెలనెలా సంతకం చేయాలి. మార్చిలో చేయనంది.

“రోజూ టిక్ వస్తూనే ఉందిగా అమ్మా. ఇప్పుడేమైంది?” అన్నాడు వరప్రసాద్.

“మెషీన్ నడుస్తుంటెనే కాపీ తీస్తున్నం సార్. రెండు గంటలు పడ్తది. మొదటి ముక్క పదింటిది, చివరిది పన్నెండింటిది. రెండు అతకవు. గసొంటి కాపీతోని మెషీన్ మళ్లా నడుస్తదని నేనెట్ల రాసియ్యాలె?”

“పెట్టకపోతే ఇంకొకరిని చూసుకుంటాం.”

“చూసుకోండ్రి. నేనైతే పెట్ట.”

అదే కాగితం పట్టుకుని యజమాని డాక్టర్ కామాక్షి గదికి వెళ్లింది. “ఒక్క కాపీని ఇప్పుడే లేపి, నడుస్తదో లేదో చూద్దాం మేడం. రిపోర్టులు తెరుచుకుంటే ఇయ్యాల్నే రాజీనామా ఇస్త.”

మధ్యాహ్నం మూడింటికి అందరి ముందూ లేపారు. మెషీన్ లేచింది గానీ రిపోర్టుల డేటాబేస్ తెరుచుకోలేదు. పోయిన వారం కాపీ కూడా అంతే. కామాక్షి స్వర్ణ వైపు తిరిగింది. “నీకేం కావాలి?” అంది.

“మన కాచిగూడ బ్రాంచిల ఒక కంప్యూటర్. మధ్యల ఎవ్వరు అడ్డం రావద్దు.”

ఇక స్వర్ణ గంటగంటకూ డేటాబేస్ ఇంకా రాయకుండా చేతిలో ఉంచుకున్నదంతా డిస్కు మీదికి రాయించి, రాతలను ఒక్క క్షణం ఆపి, ఆ క్షణంలో డిస్కు మొత్తానికి ఫోటోలాంటి ఫైల్ సిస్టమ్ స్నాప్‌షాట్ తీయించింది. మెషీన్ తన పనిలో తాను ఉండేది, స్నాప్‌షాట్ మాత్రం ఆ క్షణం దగ్గరే కదలకుండా నిలిచేది. దాని నుంచి నింపాదిగా కాపీ కాచిగూడకు వెళ్లేది. స్నాప్‌షాట్‌ను అదే డిస్కు మీద వదిలేస్తే డిస్కుతోపాటే పోతుంది మరి. ప్రతి శనివారం ఒక కాపీని లేపి చూసేది. వరప్రసాద్ దాన్ని శనివారం పూజ అనేవాడు.

ఆగస్టులో ఒక సోమవారం ఉదయం పరగడుపున వచ్చిన రోగులు వరసలో ఉండగా సర్వరులోని రెండు డిస్కులూ ఒకేసారి చచ్చాయి. స్వర్ణ ఆటోలో కాచిగూడ వెళ్లి, చాదర్‌ఘాట్ ట్రాఫిక్‌లో ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని తిరిగొచ్చింది. పదకొండింటికల్లా ఆ కంప్యూటరు మీదే, ఉదయం ఏడింటి స్నాప్‌షాట్ కాపీతో ల్యాబు నడిచింది. ఆ తర్వాతి పాతిక పేర్లు చీటీలు చూసి మళ్లీ ఎక్కించారు.

జరిగింది రాసిమ్మంది కామాక్షి. వరప్రసాద్ మెల్లగా వచ్చి కూర్చున్నాడు. “ఆ మార్చి సంగతి వదిలేయొచ్చు కదమ్మా.”

“కాపీ పనిచెయ్యనిది నిజమే గద సార్,” అంది స్వర్ణ, టైపు చేస్తూనే. “రాస్త.”

రాసింది. తేదీతో సహా.