అమ్మ బొటనవేలి గోరు

బతుకుతెరువుకు బెంగాల్ వలసొచ్చిన మా అమ్మ ఖిదిర్‌పూర్ వీధులు ఊడ్చేది. నాన్న మునిసిపాలిటీలో మురుగు కాలవలు తీసేవాడు. ఆయన పోయాక ఆ ఉద్యోగం అమ్మకిచ్చారు. అప్పటికి నాకు పదకొండేళ్లు.

వానాకాలం వస్తే మా వైపు వీధులన్నీ మునిగేవి. మోకాలి లోతు నల్లనీళ్లలో నిలబడి, కాలవ జాలీలకు అడ్డుపడిన చెత్తను వెదురుబద్దతో లాగడం అమ్మ పని. కాళ్లకు ప్లాస్టిక్ చెప్పులు, ఒక్కోసారి అవీ ఉండేవి కావు. ఇంటికొచ్చి కుళాయి దగ్గర కాళ్లు రుద్ది రుద్ది కడుక్కునేది కానీ ఎప్పుడూ తుడుచుకునేది కాదు. ఆ తడికాళ్లతోనే పొయ్యి ముందు కూర్చునేది. ఏళ్లు గడిచేకొద్దీ ఆమె కాలిగోళ్లు పచ్చబడ్డాయి, మందమెక్కాయి, అంచులు పొడిపొడిగా రాలసాగాయి. కుడి బొటనవేలి గోరైతే కొమ్ములా గట్టిపడి ఒక పక్కకు ఒరిగిపోయింది.

"డాక్టరుకి చూపించమ్మా" అనేదాన్ని.

"గోరుకి డాక్టరు ఏటే? నొప్పి నేదు, ఏటీ నేదు" అనేది.

పండగ రోజుల్లో ఒకామె ఇంటింటికీ వచ్చి ఆడవాళ్ల కాలిగోళ్లు తీసి, పాదాల చుట్టూ మన పారాణిలా ఎర్రగా ఆల్తా పెట్టేది. ఒకసారి పక్కింటి బెంగాలీ ఇల్లాళ్ల సరసన అమ్మ కూడా ముచ్చటపడి కాలు చాచింది. గోళ్లు తీసే మనిషి ఆ గోరును అటూ ఇటూ తిప్పి చూసి, "మాసీ, నా చిన్న కత్తికి ఇది లొంగదు" అంది. అందరూ నవ్వారు. అమ్మా నవ్వింది. నేను లోపలికి వెళ్లిపోయాను.

చదువు ముగిశాక నాకు ఒక చిన్న బడిలో టీచరు ఉద్యోగం దొరికింది. "మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని పెద్ద టీచరు అడిగితే, "మునిసిపాలిటీలో పని" అని ఊరుకున్నాను. ఆవిడ ఆఫీసు పని అనుకుంది. నేను కాదనలేదు. ఆ ఏడు వార్షికోత్సవానికి టీచర్లందరినీ తల్లులతో రమ్మన్నారు.

అమ్మకు మంచి చీర ఉంది. కాళ్ల గురించే నాకు దిగులు పట్టుకుంది. బజారుకెళ్లి ముందువైపు మూసుకుపోయిన నల్లబూట్లు తెచ్చాను. మొన సన్నగా ఉంది. చూడ్డానికి నాజూగ్గా ఉన్నాయని కొన్నాను. అమ్మ పాదం వెడల్పు. రెండు చేతులతో లాగి తొడుక్కుంది.

"బిగువు కాదా?" అన్నాను.

"నేదు నేదు. బాగున్నాయి" అంది.

ఉత్సవంలో మూడు గంటలు కూర్చుంది, ఎవరు పలకరించినా తలూపింది. వచ్చేటప్పుడు నేనే అన్నాను, "ఇక మీదట పనికెళ్లినా ఇవే తొడుక్కోమ్మా. మా బడిపిల్లల తల్లులు ఆ దారినే వెళ్తారు. దుమ్ముకి మొహానికి కొంగు చుట్టుకున్నా కాళ్లు కనిపిస్తాయి కదా." ఆమె సరేనంది. రోజూ అవే తొడుక్కుని ఊడ్చింది. లోపల తడి, పైన ఒత్తిడి. పక్కకు ఒరిగిన గోరు కండలోకి దిగిపోయింది. అది బూటుకు అడ్డుతగులుతోందని సగం బ్లేడుతో మూల తవ్వుకుందట. ఈ సంగతి నాకు తరవాత తెలిసింది.

ఒకరోజు ఇంట్లో ఏదో వాసన వచ్చింది. ఎలుక చచ్చిందేమోనని మంచం కింద వెతికాను. వాసన అమ్మ బూట్లలోంచి వస్తోంది. బొటనవేలు ఉబ్బి, గోరు పక్కన చీము పట్టి ఉంది. ఆమె దాని మీద పసుపు, సున్నం కలిపి మెత్తి గుడ్డ చుట్టింది.

"నొప్పి పుట్టలేదా అమ్మా?"

"నాకు తెలీనేదే. ఆ కాలు మొద్దుబారిపోయి శానా కాలమైంది."

మర్నాడు పొద్దున్నే సర్కారు ఆసుపత్రికి బయల్దేరాం. దారిలో ఏదో పార్టీ ఊరేగింపు. ఎర్రజెండాలు రోడ్డంతా నిండిపోయి ట్రామ్ కదల్లేదు. దిగి నడిచాం. అమ్మ నా భుజం పట్టుకుని కుంటుకుంటూ ఆ జనం పక్కనే నడిచింది. మడమ మీద భారం వేసి నడవమంటే, జనం చూస్తారని సిగ్గుపడింది.

ముసలి డాక్టరు వేలు చూసి, రక్తపరీక్ష రాయించి, ఫలితం వచ్చాక మళ్లీ పిలిచాడు. షుగరు చాలా ఎక్కువగా ఉంది. అది ఎన్నేళ్లుగా ఉందో మాకు తెలియదు. నొప్పి తెలియకపోవడానికి అదే కారణమన్నాడు. "మురుగునీళ్లలో నానిన గోరుకు ఫంగస్ పట్టింది. దాని మీద ఇరుకు బూట్లు, ఆ మీద బ్లేడు" అని అమ్మకు కాదు, నాకు చెప్పాడు. బూట్లు ఎవరు కొన్నారని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో.

ముందు గోరు తీశారు. పుండు మానలేదు. వేలు నల్లబడడం మొదలయ్యాక కోసెయ్యక తప్పదన్నారు. సంతకం నాతో పెట్టించుకున్నారు.

"ఓలమ్మా, ఏలు తీసేత్తారా?" అంది అమ్మ. కాసేపటికి, "సరే, ఒక్కటే గదా" అంది.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు కట్లు కట్టే నర్సు నన్ను పక్కన కూర్చోబెట్టి రెండో కాలిని చూపిస్తూ నేర్పింది. రోజూ పాదాలు కడిగి వేళ్ల సందుల్లో మెత్తని గుడ్డతో తడి లేకుండా అద్దాలి. నీళ్ల వేడి ముందు నీ చేత్తో చూడు, ఆమెకు తెలియదు. స్నానం తరవాత గోరు మెత్తబడ్డప్పుడు తిన్నగా, అడ్డంగా కత్తిరించు. మూలలు తవ్వకు. మందమెక్కిన గోరును ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీయి. అరికాళ్లు రోజూ వెలుతుర్లో చూడు. వట్టికాళ్లతో తిరగనివ్వకు. వేళ్లు కదిలేంత వెడల్పు లేని బూట్లు ఎప్పుడూ తొడగకు. ఆఖరి మాట అన్నప్పుడు నేను తల దించుకున్నాను.

బొటనవేలు లేకపోతే మనిషి నడకే మారిపోతుందని నాకు అంతవరకూ తెలియదు. అమ్మ అడుగు ముందుకు తొయ్యలేక పక్కకు ఊగేది. చీపురు పట్టుకుని నాలుగు గజాలు ఊడ్చేసరికి తూలిపోయేది. ఏడాది తిరక్కుండానే ఉద్యోగం వదులుకుంది. నీళ్లలో నిలబడి పని చేసినన్నాళ్లూ గట్టిగా ఉన్న మనిషి గుమ్మంలో కూర్చునేసరికి ఒక్కసారిగా ముసలిదైపోయింది. తను ఊడ్చిన వీధి చివరిదాకా కూడా వెళ్లేది కాదు.

పదిహేను రోజులకోసారి ఆమె గోళ్లు నేనే తీసేదాన్ని. ఒక ఆదివారం మధ్యాహ్నం కాళ్లు ఒళ్లో పెట్టుకుని కత్తిరిస్తూ, ఎన్నాళ్లనుంచో దాచుకున్నది బయటపెట్టాను.

"అమ్మా, ఆ బూట్లు నీ కోసం కొనలేదు. నీ కాళ్లు ఎవరైనా చూస్తారని సిగ్గుపడి కొన్నాను. నీ వేలు నావల్లే పోయింది."



"నానెరగనేటే?" అంది అమ్మ. "దుకాణం నుంచి తెచ్చినప్పుడే తెలుసు. నీ బళ్లో నీ పరువు పోకూడదని తొడుక్కున్నాను."

"బిగువుగా ఉన్నాయని ఒక్క మాట చెప్పకపోయావా?"

"సెబితే నువ్వు ఇంకోటి కొనితెచ్చీదానివి. నా కాళ్లంటే నీకు సిగ్గు పోదు గదా."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆమె కోపంగా అనలేదు. అలా అనుంటే బాగుండేది. కాలు వెనక్కి తీసుకోలేదు కూడా. నేను ఏడుస్తుంటే, "సూసి తియ్యి, కోసుకుపోతాది" అంది.

ఆ తరవాత ఆమె నాలుగేళ్లు బతికింది. పెద్ద టీచరుకు మా అమ్మ చేసిన పని ఏమిటో చెప్పాను, కానీ అమ్మ పోయాక చెప్పాను. ఆవిడ "అయ్యో, ముందే చెప్పొచ్చు కదా" అని మామూలుగానే అంది.