మూడు రోజుల వానకు మూడు సున్నాలు

మా మండలంలో మూడు రోజులు తెరిపి లేకుండా వాన కురిస్తే, ప్రభుత్వ రికార్డులో ఆ మూడు రోజులకూ సున్నా అని ఎక్కించారు.

ఇది రెండేళ్ల కిందటి మాట, కార్తీకమాసం. వడమాలపేటకు అవతలి మండలం మాది. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లూ మార్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. బంగాళాఖాతంలో పుట్టిన తుపాను మా మీదికే వచ్చి కూర్చుంది. వంక పొంగి రోడ్డెక్కింది, బస్సులు ఆగిపోయాయి, గంపల కింది కోళ్లు మూడు రోజులు బయటి ముఖం చూడలేదు. అంత వానకు సున్నా.

నాకు కోపం రావడానికి కారణం ఉంది. నేను మండలాఫీసులో అటెండరుగా ముప్పై ఏళ్లకు పైగా రెయిన్ గేజ్ చూసినవాణ్ణి. రెయిన్ గేజ్ అంటే పెద్ద విద్యేమీ కాదు. పైన గరాటు, లోపల సీసా, పక్కన గీతలున్న గాజు గ్లాసు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్లు గ్లాసులో పోసి ఎన్ని మిల్లీమీటర్లో రాయాలి. ఇంట్లో పెళ్లయినా చావయినా ఎనిమిదిన్నర తప్పకూడదు. ఐదో తరగతి దాటని నేను ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది ఆ పెట్టె మీద రాసినవి చూసే.

నేను రిటైరైన కొన్నాళ్లకు, ఆ దసరాకు వారం ముందు, ఆఫీసు ఆవరణలో ఆటోమేటిక్ యంత్రం పెట్టారు. అందులో టిప్పింగ్ బకెట్ అని బుల్లి తూగుడుబల్ల లాంటిది ఉంటుంది. వాననీళ్లతో ఒక పక్క నిండితే ఒరుగుతుంది, ఒరిగినప్పుడల్లా లెక్క తనంతట తనే పైఆఫీసుకు వెళ్లిపోతుంది. పాత గేజ్‌ను మూలన పడేస్తే అడిగి తెచ్చుకుని మా పెరట్లో పెట్టుకున్నాను. ఇప్పటికీ రోజూ చూసి నోటుపుస్తకంలో రాస్తాను. ఇంట్లోవాళ్లు దాన్ని పిచ్చి అంటారు. అననీ.

తుపాను పోయిన కొన్నాళ్లకు మా వీధి ధనమ్మ వచ్చి, ఒడిలోని వేరుశనగ కాయలు నా ముందు గుమ్మరించింది. పీకి చేలో ఆరేసిన పంట. ప్రతి కాయకూ మొలక.

"మామా, నువ్వు జన్మంతా వాన కొలిచినోడివి గదా. మన మండలంలో వానే పడలేదంట, బీమా రాదంట. వాన లేకుండా ఇవెట్ట మొలిసినాయి? నా కన్నీళ్లకు మొలిసినాయా?"

బీమా రాకపోతే వచ్చే పంటకు ఆమెకు విత్తనం కూడా లేదు. ఆమెను వెంటబెట్టుకుని వ్యవసాయాధికారి దగ్గరికి వెళ్లాను. ఆ అమ్మాయి మంచిదే.

"పెద్దాయనా, నేనూ తడిసినదాన్నే. సిస్టంలో సున్నా ఉంటే నేనేం చేసేది?"

"మీ సిస్టం తడవలేదేమోనమ్మా. మేం తడిసినాం," అన్నాను.

పైఆఫీసుకు ఉత్తరం రాశాను. 'యంత్రము సక్రమముగా పనిచేయుచున్నది' అని జవాబు. ఇంకొకటి, ఇంకా ఘాటుగా రాశాను. దానికి జవాబే లేదు. సూళ్లూరుపేట పక్కనుంచి రాకెట్టు లేస్తే మా మిద్దె మీదికి కనిపిస్తుంది. అది మోసుకెళ్లిన ఉపగ్రహం సముద్రం మీద మబ్బును ఫొటో తీస్తుంది. సముద్రం వేడెక్కింది, తుపాన్లు ముదురుతున్నాయి అని పేపర్లో రోజూ చదువుతున్నాం. ఇంత సైన్సు ఉండీ ధనమ్మ చేలో కురిసిన వాన ఎవరికీ కనబడకపోతే ఎలా?

ఆ యంత్రం గుట్టు తేల్చాలని ఒక మధ్యాహ్నం మండలాఫీసుకు వెళ్లి వరండాలో కూర్చున్నాను. కాసేపటికి తూర్పున మబ్బు పట్టింది. వాచ్‌మన్ మునిరత్నం ఒక్క పరుగున వచ్చాడు. చేతిలో యూరియా సంచులు కలిపి కుట్టిన పట్ట. యంత్రం నెత్తిన ఆ పట్ట కప్పి, తాడుతో మూడు చుట్లు చుట్టి ముడేశాడు.

"ఏం సేస్తా ఉండావప్పా?" అన్నాను.

"వానొస్తా ఉండాది గదన్నా. తడిస్తే సెడిపోదా?"

"మొన్న తుపానుకూ కప్పినావా?"

"మూడు దినాలూ ఇప్పనే లేదు," అన్నాడు, ఛాతీ పొంగించి. "లేసి లేసి తాడు బిగించినా. దీన్ని పెట్టినోళ్లు, ఇది శానా ఖరీదైన మిషను, దీనికేమన్నా అయితే నీ ఉద్యోగం పోతాది అని సెప్పిపోయినారు. ఇంతవరకు దీని మీద ఒక్క సుక్క పడనిచ్చింటే అడుగు. ఆయుధపూజకు పెట్టిన గంధం బొట్టు గూడా సెరగలేదు, సూడు."

తిట్టడానికే నోరు తెరిచాను. కానీ నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం గుర్తుకొచ్చింది. సీసాలో నీళ్లు చేరాయని రోజూ పారబోసి, పొడిగుడ్డతో తుడిచి, "శుభ్రంగా ఉండాది సార్" అని చెప్పినవాణ్ణి నేనే. మునిరత్నాన్ని పక్కన కూర్చోబెట్టి సంగతి చెప్పాను. వాడి ముఖం పాలిపోయింది.

"నా పేరు రాస్తావా అన్నా?"

"రాయను. ముందు ఆ పట్ట తియ్."

ధనమ్మకు చెబితే కోపగించుకుంటుందనుకున్నాను. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ మునిరత్నం నా సేనికి కాపలా ఉండింటే సాలునే మామా, ఒక్క కాయ తడిసేది గాదు," అంది.

మూడో ఉత్తరంలో యంత్రాన్ని తిట్టినందుకు ముందు క్షమాపణ రాశాను. ప్రాణం లేనిదాని మీదైనా నింద వేయకూడదు. తర్వాత ఇలా రాశాను: 'కాపలా మనిషికి యంత్రం ఖరీదు చెప్పారు, దాని పని చెప్పలేదు. తప్పు ఎవరిదో పేరు కావాలంటే ఆ చెప్పనివారి పేరు రాసుకోండి.' నోటుపుస్తకంలో ఆ మూడు రోజుల పుటలు జిరాక్సు తీయించి జతచేశాను. ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నదీ అదే. కొత్త వస్తువును ఒకరి చేతికిచ్చేటప్పుడు, అది దేనికో చెప్పేంత తీరిక లేనివాడు దాన్ని ఇవ్వకూడదు.

నెల దాటాక పోస్టుమాన్ కవరు తెచ్చాడు. ధనమ్మనూ మునిరత్నాన్నీ పిలిచి పైకి చదివాను.

"తమరి లేఖ, జతపరచిన పుటలు అందినవి. పొరుగు మండలముల వర్షపాతముతో సరిపోల్చగా తమరి కొలతలు సరియైనవని తేలినది. మూడు రోజుల సున్నాలు తొలగించి తమరి అంకెలు నమోదు చేయడమైనది. మీ మండల రైతుల బీమా దరఖాస్తులు ఆ ప్రకారము ఆమోదించబడినవి. కాపలాదారుపై చర్య ఏమియు లేదు. జిల్లాలోని ప్రతి యంత్రము వద్ద ఈ క్రింది బోర్డు పెట్టవలసినదిగా ఆదేశములు ఇవ్వడమైనది: 'ఈ యంత్రము వానలో తడవడానికే పెట్టబడినది. దయచేసి ఎవరూ కప్పవద్దు.'"