పెద్ద గోలీ పేరున అర్చన

మా పెరటి గోడకు అవతల ఉండే పిన్నిగారు అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టులో పని చేస్తారు. అటక మీద నెలల తరబడి ఎండి, లోపల గిలక్కాయలా ఆడే కాయని కురిడీ అంటారు. దాని చిప్ప పగలగొట్టి, కొబ్బరి విరగకుండా బయటికి తీయడం ఆవిడ పని. కూతురు కువైట్‌లో ఉంటే, ఆ కూతురి పిల్లని ఈవిడే పెంచారు. నాకు యాభై దాటినా నన్ను ఇప్పటికీ "అమ్మాయిగారూ" అనే పిలుస్తారు.

ఆ మనవరాలు హైస్కూల్లో ఉండగా హాకీ కర్ర పట్టింది. తర్వాత ఆటల హాస్టల్లో చేరింది. మొన్నామధ్య ఆడపిల్లల జూనియర్ ప్రపంచ పోటీలకి వెళ్ళే మన దేశపు జట్టులో ఆమె పేరు వచ్చింది. సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. నేను బడికి వెళ్ళినదాన్ని కాను. నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పారు. ఆటల సంగతి నాకు బొత్తిగా తెలియదు. బయలుదేరే ముందు ఆ పిల్లే వచ్చి వివరించింది. గోల్ ముందు నిలబడి బంతి ఆపేవాళ్ళని గోలీ అంటారట. జట్టుకి ఇద్దరుంటారట. ఆడేది పెద్ద గోలీ, తను రెండోది.

"అంటే నువ్వు ఆడవా?" అన్నారు పిన్నిగారు.

"ఆ పెద్ద గోలీ అక్కకి ఏమైనా అయితేనే ఆడతానమ్మమ్మా."

"మరి ఫ్లెక్సీలో నీ బొమ్మ అంత పెద్దది వేసేరేంటే?"

పిల్ల నవ్వింది కానీ, ఈ పోటీలు దాటితే తనకి జూనియర్ వయసు దాటిపోతుందని వెళ్ళేటప్పుడు నాతో చెప్పింది. ఇప్పుడు ఆడకపోతే ఇక ఆడడం లేదన్నమాట.

ఆటలు మనకి దీపాల వేళకి వచ్చేవి. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి పిన్నిగారు వరండాలో కూర్చుని ఉండేవారు. నా ఫోన్ని ఇత్తడి చెంబుకి ఆనించి చూసేవాళ్ళం. మొదటి ఆటలో ఆవిడ ఒక్కసారిగా "అదిగోనండీ మన పిల్ల!" అన్నారు.

"అది నీళ్ళ సీసాలు అందించే అమ్మాయండీ."

"మన పిల్లేనండీ అందిస్తోంది."

నిజమే. రెండో ఆటలోనూ ఆ పిల్ల సీసాలే అందించింది. పెద్ద గోలీ మాత్రం గోడలా నిలబడింది. బంతి ఆగినప్పుడల్లా నేను సంతోషించేదాన్ని. పిన్నిగారు పమిట చెంగు నలుపుకుంటూ కూర్చునేవారు.

ఆ రాత్రి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగారు. "మీరు ఓ మాట చెప్పండి అమ్మాయిగారూ. మీ మాటైతే దేవుడు వింటాడు."

"ఏమని చెప్పనండీ?"

"మన పిల్లని ఆడించమనండి."

నాకు అడగడం అలవాటు లేదు. ఇచ్చినదానికి దణ్ణం పెట్టి లేవమని నాన్నగారు నేర్పారు. పైగా మన పిల్ల ఆడాలని అడిగితే, ఆ పెద్ద గోలీకి ఏం జరగాలని అడిగినట్టు? అంత విడమర్చి చెప్పడం ఇష్టంలేక "పిల్లలు చల్లగా ఉండాలి, అంతేనండి" అన్నాను. ఆవిడకి ఆ జవాబు చాలలేదు. అప్పనపల్లి బాలబాలాజీకి తనే మొక్కుకున్నారు. పెద్ద గోలీ ఒక్క పూట పక్కకి తప్పుకుంటే, నీ కొండకొచ్చి అర్చన చేయించుకుంటాను స్వామీ అని. అక్కడ కొండ లేదు. అలవాటుగా వచ్చేసిందట ఆ మాట.

మూడో ఆట మధ్యలో, బంతి కోసం దూకిన అవతలి జట్టు పిల్ల వచ్చి పెద్ద గోలీ కాళ్ళ మీద పడింది. ఆ అమ్మాయి లేవలేదు. మోకాలు పట్టుకుని హెల్మెట్ నేలకేసి కొట్టుకుంది. స్ట్రెచర్ వచ్చింది. కాసేపటికి ఒళ్ళంతా ప్యాడ్లు కట్టుకుని, మొహం కనబడని పిల్ల ఒకతి గోల్లోకి పరిగెత్తింది. జెర్సీ మీది పేరు నేను చదివి చెప్పాను. పిన్నిగారు లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు. కళ్ళనీళ్ళు కారుతున్నాయి. మన పిల్ల రెండు గోల్స్ పోనిచ్చింది, అంతకంటే ఎక్కువే ఆపింది. జట్టు గెలిచింది.

మర్నాడు పిల్ల ఫోన్ చేసింది. పిన్నిగారు పట్టలేని సంతోషంతో మొక్కు సంగతంతా చెప్పేశారు.

"ఆ మాట ఇంకెక్కడా అనకమ్మమ్మా," అంది పిల్ల. "నాకు బంతి ఆపడం నేర్పింది అక్కే. ఆపరేషన్ అంటున్నారు." ఫోన్ పెట్టేసింది.

తర్వాతి ఆటలన్నీ మన పిల్లే ఆడింది. జట్టుకి పతకం రాలేదు. పిల్ల అమ్మమ్మకి ఫోన్ చేయడం మానేసింది. నాకు మాత్రం క్షేమమని మెసేజ్ పెట్టేది. పిన్నిగారు వరండాకి వచ్చి ఆట చూసేవారు కానీ బంతి ఆపినా కదిలేవారు కాదు. "జొరమొస్తే చాలనుకున్నానండి. మోకాలు అడగలేదండి నేను," అన్నారొకసారి.

పోటీలు అయిపోయాక నన్ను తోడు రమ్మన్నారు. వైనతేయ పాయ మీది వంతెన దాటి ఆటోలో అప్పనపల్లి వెళ్ళాం. పూజారిగారు గోత్రం అడిగారు.

"తెలీదండి."

"మీ గోత్రం మీకు తెలీదా అమ్మా?"

"నాది కాదండి. వేరే పిల్ల పేరునండి. గోలీ అండి."

పూజారిగారు నా వైపు చూశారు. వెనక జనం తోస్తున్నారు.

"ఎక్కడో కొండల్లో పిల్లండి. మోకాలు పోయిందండి. మెడలో సిలువ ఉంటదండి, ఫోటోలో చూసేను. ముందే చెప్పెయ్యాలి కదండీ."

ఆయన పళ్ళెంలో పువ్వులు సర్దుకున్నారు. "పేరు చెప్పండమ్మా. మిగతాది స్వామి చూసుకుంటాడు."

పిన్నిగారు ఆ పేరు నాలుగు రోజులుగా నా దగ్గర వల్లె వేస్తున్నారు. తడబడకుండా చెప్పారు. "మీ ఇంట్లో వాళ్ళ పేర్లు?" అంటే, "ఒద్దండి. మా పిల్లకి ఇచ్చేసేడు కదండీ," అన్నారు.

గుడి భోజనశాలలో తిని బయటికి వచ్చాక, నా ఫోన్లో ఆవిడే మనవరాలికి కలపమన్నారు. అర్చన సంగతి చెప్పారు. "గోత్రం లేకుండానే చేసేరే," అన్నారు.

పిల్ల చిన్నగా నవ్వింది. చాలా రోజులకి విన్నాను ఆ నవ్వు. పక్కనెవరితోనో హిందీలో మాట్లాడింది. "అక్క ఇక్కడే ఉందమ్మమ్మా. పూజ అని చెప్పాను. నీ మొక్కు సంగతి చెప్పలేదులే. మరి ప్రసాదం ఏదీ అంటోంది."

పిన్నిగారి చేతిలో లడ్డూ అప్పటికే సగం విరిచి ఉంది. ఆ సగం నోటిదాకా వెళ్ళి ఆగింది.

"నేను ఇంకోటి కొని తెస్తానండీ," అన్నాను.

"ఒద్దండి. ఇది ఆ పిల్ల పేరున ఇచ్చింది," అంటూ రెండు ముక్కలూ కలిపి కాగితంలో చుట్టారు.