రెండోసారి బిరడా

యర్రంశెట్టి రాఘవులు గారిని నేను మొదటిసారి చూసినప్పుడు ఆయన ముఖం కనబడలేదు. అది 2011 మార్చి. మా అమ్మాయి సరోజ దగ్గర ఆరు నెలలు ఉండడానికి అమెరికాలో బెంటన్‌విల్ వచ్చి అప్పటికి పది రోజులైంది. పొద్దుటి నడకకు బయలుదేరాను. మూడిళ్ల అవతల వాకిట్లో, రెండు చక్రాల బండి మీద ఒక పడవ, ఆ బండి కింద నుంచి బయటికి చాచిన రెండు బూట్లు కనిపించాయి. బూట్ల వెనకనుంచి ఒక గొంతు, "మూత తీసి, పాత గ్రీజు తుడిచి, కొత్త గ్రీజు కూరి..." అని తనకు తానే చెప్పుకుంటోంది. అర్కాన్సా రాష్ట్రంలో ఒక పడవ కింద నుంచి వరసగా ‘తీసి’, ‘తుడిచి’ లాంటి క్త్వార్థకాలు వినిపిస్తూంటే, ముప్పైనాలుగేళ్లు తెలుగు చెప్పిన మనిషి ఆగకుండా వెళ్లిపోవడం కష్టం.

"అక్కడ నీలం పిడి పానా ఒకటుంటుంది. కాస్త అందిస్తారా అండి?" అంది గొంతు.

"నేను తెలుగుదాన్నని మీకెలా తెలిసింది?"

"చీర అంచు కింద కాన్వాసు బూట్లు ఇంకెవరు వేసుకుంటారండి?"

నేనందించినది పానా కాదట, పట్టుకారట. ఆయన దాన్ని మర్యాదగా తీసుకుని పక్కన పెట్టుకుని, బయటికి పాక్కుంటూ వచ్చి, పానా తానే తీసుకున్నారు. అప్పటికి ఆయనకు అరవై ఏడేళ్లు. పొట్టి మనిషి, తెల్లటి మీసం, చెవి వెనక పెన్సిలు.

ఆయనది పోలవరం. తండ్రి గోదావరి మీద ప్రయాణికుల లాంచీలో ఇంజను చూసేవారు. "సరంగు పైన నిలబడి ఏరంతా చూసేవాడండి. మా నాన్న కింద ఇంజను దగ్గరే. ముప్పై ఏళ్లు గోదావరి మీదుండి గోదారిని చూసింది తక్కువ," అన్నారు ఒకసారి. రాఘవులు గారు కాకినాడలో డిప్లొమా చదివి, నర్సు ఉద్యోగం మీద ముందుగా వచ్చిన భార్య జ్ఞానప్రసూన గారి వెంట 1973లో ఈ దేశం వచ్చారు. కోడిమాంసం సిద్ధం చేసే కర్మాగారంలో శీతల యంత్రాలను ఇరవై తొమ్మిదేళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. జ్ఞానప్రసూన గారికి రాత్రి డ్యూటీలు, పగలు ఇంట్లో నిద్ర పట్టేది కాదు. స్నేహితుల పడవలో ఒకసారి బీవర్ లేక్ నడుమ ఇంజను ఆపగానే ఆమె రెండు నిమిషాల్లో నిద్రపోయారట. ఆ వేసవే ఆయన ఈ పదిహేడడుగుల అల్యూమినియం పడవ కొన్నారు. 2006లో ఆమె పోయారు. అయినా ఏటా ఏప్రిల్‌లో ఆయన పడవను నీళ్లలోకి దించడం మానలేదు.

అది చిన్న పని కాదని నాకు ఆ వసంతంలోనే తెలిసింది. చలికాలంలో నీరు గడ్డకట్టి ఇంజను పగలకుండా అక్టోబరులోనే పడవను ఒడ్డుకు లాగి, ఇంజనులో నీటిబొట్టు లేకుండా వార్చి, టార్పాలిన్ కప్పి పెడతారు. మళ్లీ ఏప్రిల్ వచ్చేసరికి బ్యాటరీ, నూనెలు, పెట్రోలు గొట్టాలు, బండి చక్రాలు, దీపాలు అన్నీ చూడాలి. ఆ పనులన్నింటినీ రాఘవులు గారు ఒక అట్టపెట్టె ముక్క మీద తెలుగులో రాసి గరాజు గోడకు తగిలించుకున్నారు. "టార్పాలిన్ విప్పి" అని మొదలై, "నీళ్లలోకి దించి, ఇంజను వేసి చూడాలి" అని ముగిసేదాకా అదంతా ఒకే వాక్యం. ఎక్కడా చుక్క లేదు.

ఆ ఏడు ఆయనకు ఆ అట్టముక్కతో అవసరం ఎక్కువైంది. అంతకుముందు ఏప్రిల్‌లో ఆయన పెట్రోలు ట్యాంకును గరాజులోనే మరిచి పడవను నీళ్లలోకి దించేశారు. గాలికి అది రాళ్ల వైపు కొట్టుకుపోతూంటే ఎవరో మోకు విసిరి లాక్కొచ్చారు. ఊళ్లోనే వేరే ఇంట్లో ఉండే కూతురు పద్మజ ఆనాడే భయపడింది. ఒక శనివారం నేనక్కడ ఉండగానే వచ్చింది.

"నాన్నా, ఈ ఇయర్ నేను ర్యాంప్ దగ్గర నిలబడి చూస్తా. హెల్ప్ చెయ్యను. ఒక్కటి మర్చిపోతే బోట్ అమ్మేద్దాం. నువ్వే ప్రామిస్ చేశావ్."

"చేశానమ్మా. లేదన్నానా?"

"ఆంటీ, మీరు విట్నెస్."

ఆమె వెళ్లాక ఆయన ఇంజను మూత తుడుస్తూ అన్నారు: "జ్ఞాపకశక్తి పరీక్షని నూరులోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నాడండి డాక్టరు. డెబ్బై తొమ్మిది దాకా బాగానే వచ్చాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఆయన టై చూస్తూ కూచున్నాను. మంచి టై." తుడిచిన గుడ్డ మడిచి, "పడవ పోతే పోయిందండి. కానీ మరిచిపోయినందుకు పోయిందంటే, ఇక రేపటినుంచి కారు తాళాలు, ఎల్లుండి పొయ్యి. ఒక్కొక్కటీ తీసుకుంటారు. పిల్ల తప్పు కాదు," అన్నారు. "అందుకే ఈసారి చెయ్యిని నమ్మను. కాగితంలో ఉన్నదే చేస్తాను, లేనిది చెయ్యను. అట్టకు నూనె పట్టి అక్షరాలు కలిసిపోయాయి. మీరు శుభ్రంగా రాసిపెడతారా, టీచర్‌గారూ?"

నేను రాసిపెట్టాను. రాయడమే కాదు, దిద్దాను. ఒక్క వాక్యాన్ని విడగొట్టి అంకెలు వేశాను. ప్రతి పనికీ ఒక కర్మ, ఒక సమాపక క్రియ, చివర ఒక చుక్క ఉండేటట్లు చూశాను. అట్ట మీద ఇరవై నాలుగు పనులుంటే నా కాగితంలో ఇరవై మూడు తేలాయి. ఎందుకంటే "బిరడా బిగించి" అన్నది రెండుసార్లు ఉంది. పడవ వెనక పలకకు అడుగున ఒక రంధ్రం ఉంటుంది, ఒడ్డున ఉన్నప్పుడు లోపలి నీరు పోవడానికి. దానికి ఇత్తడి మరబిరడా. మొదటిచోట "బిరడా బిగించి, లోపల రెండు బకెట్ల నీళ్లు పోసి, కారడం లేదని చూసి" అని ఉంది. మరో పది పనుల తర్వాత, చెరువు రేవు దగ్గర చేసే పనుల్లో, మళ్లీ "బిరడా బిగించి" అని ఉంది. బిగించిన బిరడాను మళ్లీ బిగించడం పునరుక్తి. రెండోదాన్ని కొట్టేశాను.

"ముత్యాల్లా ఉన్నాయండి," అన్నారాయన కాగితం చూసి. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించుకున్నారు. పాత అట్టముక్కను నా దగ్గరే ఉంచుకోమన్నారు.

ఏప్రిల్ రెండో శనివారం పద్మజ నన్ను తన కారులో బీవర్ లేక్ తీసుకువెళ్లింది. ఆయన పడవను లాక్కుంటూ ముందు వెళ్లారు. రేవంటే అక్కడ నీళ్లలోకి ఏటవాలుగా దిగే సిమెంటు దారి. పక్కనే చెక్కల వంతెన. పద్మజ చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన కాగితాన్ని కారు మూత మీద పెట్టి, ఒక్కొక్క అంకె పైకి చదువుతూ, పని చేసి, "అయింది" అంటూ వచ్చారు. పడవను బండికి కట్టిన చివరి పట్టీ విప్పాక ఒక్క క్షణం ఆగి, చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నారు. కాగితం వైపు చూసి చెయ్యి దించేశారు.

"ఇరవై ఒకటి. మోకును ముందు కొక్కేనికి కట్టాలి. అయింది."

వెనక్కి నడిపిన కారు గీత గీసినట్లు దిగింది. పక్కన గాలం సరిచేసుకుంటున్న ఒక అమెరికన్ పెద్దాయన అది చూసి టోపీ ఎత్తాడు. పడవ బండి మీదనుంచి జారి తేలింది. పద్మజ కట్టుకున్న చేతులు వదిలింది.

"గుడ్ జాబ్, నాన్నా."

"ఆగమ్మా, ఇంకొకటుంది."

కారు పైకి తెచ్చి ఆపి, పడవలోకి దిగారు. ఇంజను మొదటి తిప్పులోనే అందుకుంది. ఆయన మీసం కింద నవ్వు కూడా నేను చూశాను. అంతలో ఆయన తన పాదాల వైపు చూశారు. బూట్లు చీలమండల దాకా నీళ్లలో ఉన్నాయి.

ఆయన కంగారు పడలేదు. ఇంజను ఆపి, మోకు పద్మజకు అందించి, పడవను మళ్లీ బండి మీదికి లాక్కుని ఒడ్డుకు తెచ్చారు. వెనక రంధ్రంలోంచి కుళాయి విప్పినట్లు నీరు పోయింది. అది ఆగేదాకా ముగ్గురమూ చూస్తూ నిలబడ్డాం. ఆ తర్వాత ఆయన చొక్కా జేబులోంచి ఇత్తడి బిరడా తీశారు.

"ఇట్స్ ఓకే, నాన్నా," అంది పద్మజ. ఆమె కోప్పడి ఉంటే ఆయనకు తేలికగా ఉండేది.

ఆయన కాగితం తీసుకుని వేలితో పైనుంచి కిందికి వెతికారు. ఇరవైకీ ఇరవై ఒకటికీ నడుమ వేలు ఆగింది. తలెత్తి నా వైపు ఒక్కసారి చూశారు. ఆ చూపుకు అర్థం నాకప్పుడు తెలియలేదు. "మర్చిపోయానమ్మా," అన్నారు కూతురితో. "మాటంటే మాటే. అమ్మేద్దాం."

ఇంటికి వచ్చి అట్టముక్క ముందు పెట్టుకున్నాను. లోపల పోసిన రెండు బకెట్ల నీళ్లు ఏమయ్యాయి? ఆ ప్రశ్న దిద్దేటప్పుడే అడగవలసింది. ఆయన ఇంటి వాకిట్లోనే బిరడా తీసి ఆ నీళ్లు వదిలేస్తారు. తీసిన బిరడాను జేబులో వేసుకుని, రేవు దగ్గర మళ్లీ బిగిస్తారు. ఇరవై రెండేళ్లుగా చేస్తున్నారు. "తీసి" అన్న ఆ నడిమి క్రియ అట్ట మీద ఎప్పుడూ లేదు. అది ఆయన చేతిలో ఉంది. రాసిన రెండు క్రియల్లో ఒకదాన్ని నేను కొట్టేశాను. రాయనిదాన్ని చెయ్యి చేసింది.

సాయంత్రం అట్ట పట్టుకుని వెళ్లాను. వాకిట్లో పద్మజ ప్రకటన కోసం పడవను ఫోనుతో ఫొటోలు తీస్తోంది. రాఘవులు గారు మెట్టు మీద కూర్చుని బూట్లు ఆరబెట్టుకుంటున్నారు.

"పద్మజా, ఇది చూడమ్మా."

"ఆంటీ, నేను చదవలేను. ఏముంది?"

"రేవు దగ్గర బిరడా బిగించమని ఉంది. మీ నాన్నగారు రాసినది."

"మరి మీ పేపర్‌లో?"

"లేదు."

"మీరు కూడా మర్చిపోయారా?"

"మరిచిపోలేదమ్మా. కొట్టేశాను."

"వై?"

"రెండుసార్లు ఉందని."

ఆమె ఫోను దించింది. "సో, నాన్న లిస్ట్‌లో ఉన్నవన్నీ కరెక్ట్‌గా చేశాడు."

"అక్షరం పొల్లు పోకుండా చేశారు. తప్పు కాగితానిది. కాగితం నాది."

పద్మజ తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, నీకు అక్కడే తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"పెద్దావిడ. అడగ్గానే కూచుని రాసిచ్చారు. నలుగురిలో నిలబెట్టి మీదే తప్పంటానా?" ఆయన బూటు తిరగేసి నీళ్లు దులిపారు. "అయినా చెయ్యి నాకు చెప్పిందే, జేబు చూసుకోమని. నేనే వినలేదు. కాగితంలో లేదు కదా అని."

పద్మజ మెట్టు మీద ఆయన పక్కన కూర్చుంది. ఫోను తీసి, ఫొటోలు ఒక్కొక్కటే చెరిపేసింది. "ఒక్క కండిషన్," అంది. "ఇకనుంచి నేను కూడా చేస్తా. చీటింగ్ అనకు."

"అనను. కానీ గ్రీజు పని నీకు రాదు."

"నేర్పించు మరి."

నేను కాగితం మళ్లీ రాశాను, ఈసారి ప్రతి పనికీ ముందూ వెనకా ఏం జరుగుతుందో ఆయన్ను అడిగి. ఇరవై మూడు ఇరవై ఐదైంది. మరుసటి శనివారం పడవ దిగింది. మధ్యాహ్నం దాకా తిరిగినా లోపల తడి లేదు.

2012 వసంతానికి నేను తెనాలిలో ఉన్నాను. రాఘవులు గారు చదువుతూంటే పద్మజ పనులు చేసిందని ఫోనులో విన్నాను. ఆ మరుసటి ఏడు ఆయన చదువుతూ చదువుతూ వరస తప్పి, ఒకే అంకెను మూడుసార్లు చదివారట. పద్మజకు తెలుగు చదవడం రాదు. అందుకని నాకు ఫోను చేసింది: "ఆంటీ, మీ దగ్గర కాపీ ఉందా? మీరు చదవండి, నేను చేస్తా, నాన్న చెక్ చేస్తాడు." అక్కడ పొద్దున ఎనిమిదైతే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. నేను వీధి అరుగు మీద కూర్చుని చదివాను. 2014లోనూ అంతే. ఏప్రిల్ మూడో శనివారం, ఇరవై ఐదు అంకెలూ చదివాను. ఒక్కొక్క దానికీ పద్మజ గొంతు, ఆ వెనక ఆయన "అయింది" వినిపించాయి. ఇరవై రెండో పని, బిరడా బిగించడం దగ్గర, "గట్టిగా తిప్పమ్మా, అది సీసా మూత కాదు," అన్నారు. చివర ఇంజను చప్పుడు, నీళ్ల చప్పుడు కూడా నాకు వినిపించాయి.

ఆ ఆగస్టులో రాఘవులు గారు పోయారు. నాతో ఆయన చివరిసారి మాట్లాడింది అంతకుముందు, మే నెల మొదటివారంలో. ఆయనే ఫోను చేశారు. కుశలప్రశ్నలు లేవు.

"టీచర్‌గారూ, ఒక సంగతి అడుగుతాను, చెప్పండి. ఈ ఏడు మనం పడవ దించామా అండి? దించామనే అంటోంది పద్మజ. నన్ను కష్టపెట్టకూడదని అది ఇప్పుడు అన్నిటికీ అవుననే అంటోంది. మీరైతే, తప్పు మీదైనా ఉన్నది ఉన్నట్టు చెబుతారు. దించామా, లేదా?"