అడవి గేటు దగ్గర మా మేనత్త

మదనపల్లెలో కాపురముంటూ పుంగనూరు దగ్గరి ఒక పల్లె హైస్కూల్లో సైన్సు చెబుతుంటాను. రెండేళ్ల కిందట ఎనిమిదో తరగతిలో అడవుల పాఠం మొదలుపెడుతూ, అడవి చూసినవాళ్లు చేతులెత్తమన్నాను. ఐదు చేతులు లేచాయి. ఆ ఐదుగురూ చూసింది హార్స్‌లీ హిల్స్ మీదికి పోయే రోడ్డు. వీళ్లను శేషాచలం కొండల్లోని జాతీయ పార్కుకు తీసుకుపోవాలని ఆ రోజే అనుకున్నాను.

అనుకున్నంత తేలిగ్గా జరగలేదు. మినీబస్సు బాడుగ హెడ్మాస్టరూ నేనూ ఇంకో టీచరూ కలిసి వేసుకున్నాం. కానీ పార్కు గేటు దగ్గర మనిషికి ఒక రుసుము, బస్సుకు ఒకటి, కెమెరాకు ఇంకొకటి. పిల్లల తల్లిదండ్రుల్లో సగం మంది టమోటా కోతలకు కూలికి పోయేవాళ్లు. వాళ్లను అడగడానికి నాకు నోరు రాలేదు. నెల రోజులు ఊరికే గడిచాక, ఒక ఆదివారం నేనే బస్సెక్కి ఆ గేటు దాకా పోయాను.

టికెట్ల కిటికీలో కూర్చున్నాయన్ను, ఖర్చు తగ్గే దారి ఏమైనా ఉందా అని అడిగాను. అడిగేటప్పుడు సిగ్గేసింది. ఆయన మాత్రం ఓపిగ్గా చెప్పాడు. హెడ్మాస్టరు సంతకంతో, పేర్లన్నీ రాసి ముందుగా లెటరు ఇస్తే బడిపిల్లలకూ ఇద్దరు టీచర్లకూ టికెట్ ఉండదట. బస్సు బయటే ఆపి నడిచిపోతే దాని రుసుము తప్పుతుంది. కెమెరా తేకపోతే అదీ లేదు. తోడుగా ఒక గార్డును కూడా పంపుతామన్నాడు. ఈ నాలుగు మాటలు అడగడానికి నెల రోజులు వెనకాడినందుకు నన్ను నేనే తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ వారం మా మేనత్త కంటి పరీక్ష కోసం పెద్దమండ్యం నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచీ గొర్రెలు కాసిన మనిషి. వానల్లేని ఏళ్లలో మా మామతో కలిసి మందను కుప్పం దాకా తోలుకుపోయి, అక్కడి అడవుల అంచున నెలల తరబడి ఉండేది. నేను లెటరుకు పిల్లల పేర్లు రాస్తుంటే పక్కన కూర్చుని సంగతంతా కనుక్కుంది.

"అడవిలేకి పోను టికెట్టా?" అంది. నవ్వలేదు. "నేనూ వస్తానమ్మా. గొర్రెలు లేకుండా అడవి ఎట్టుంటాదో సూడాలని ఉండాది" అంది.

అప్పటికే లెటరులో ఇద్దరు టీచర్లమూ ఉన్నాం కాబట్టి గేటు దగ్గర అత్తకు టికెట్ కొనాల్సి వచ్చింది. నేను పర్సు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా టికెట్ నేనే కొంటా. దుడ్డు పెట్టి లోపలికి పోతే ఎవురూ తరమరు గదా" అంది.

గార్డును చూస్తే మందను మళ్లించుకుని పరుగెత్తిన రోజులు ఆమెకున్నాయి. పర్సు మళ్లీ సంచిలో పెట్టేశాను.

జలపాతం దాకా నడక. ఎండ ఎక్కేకొద్దీ పిల్లలు బస్సు ఎందుకు తేలేదని సణగడం మొదలుపెట్టారు. మిగుల్చుకున్న బస్సు రుసుము వాళ్ల కాళ్ల నుంచి వసూలు చేస్తున్నట్టు నాకే అనిపించింది. అత్త మాత్రం అందరికంటే ముందు నడుస్తోంది. దారి పక్కన ఒక చెట్టు దగ్గర ఆగి, ఇది చిల్లచెట్టనీ, దీని గింజను అరగదీసి కలిపితే బురదనీళ్లు తేటపడతాయనీ, కుప్పం వైపు వాగునీళ్లు అట్లాగే తాగేవాళ్లమనీ చెప్పింది. పిల్లలు చుట్టూ మూగారు. చూపించడానికి ఒక ఆకు తుంచింది.

"ఇది పార్కు పెద్దమ్మా. ఆకు కూడా తుంచకూడదు" అన్నాడు గార్డు. కుర్రవాడే. గట్టిగా కూడా అనలేదు. అత్త ఆకును కింద వదిలేసి వెనక్కి వచ్చేసింది. ఎందుకు తీసుకొచ్చానా అనుకున్నాను.

ఇంకొంత దూరం పోయాక, వెనక నడుస్తున్న అత్త ఒక్కసారిగా ముందుకొచ్చి పిల్లలకు అడ్డంగా నిలబడింది. దారి పక్క పుట్ట ఒకటి సగం తవ్వేసి ఉంది.

"ఎలుగొడ్డు తవ్విండాది. మన్ను ఇంకా తడారలే. అది యాడికీ పోలేదు, ఈడనే ఉండాది" అంది.

గార్డు వంగి మట్టి ముట్టుకున్నాడు. అతని ముఖం మారిపోయింది. వెంటనే పిల్లలందరినీ ఒకచోటికి చేర్చాడు. పరుగెత్తొద్దని, గొంతెత్తి మాట్లాడుతూ నిలబడమని అత్త చెప్పింది. "మనం వస్తాండామని తెలిస్తే అదే పోతాది."

ఎవరో ఒక అమ్మాయి పదమూడో ఎక్కం అందుకుంది. మిగతావాళ్లు గొంతు కలిపారు. ఎక్కం సగంలో ఉండగా దారి పక్కనున్న వాగు అవతల పొదలు కదిలాయి. నల్లటి ఎలుగుబంటి, వీపు మీద పిల్లను మోసుకుంటూ, మా వైపు చూడనైనా చూడకుండా గట్టెక్కి వెళ్లిపోయింది. పిల్లలు ఎక్కం ఆపలేదు.

జలపాతం దగ్గర చిత్రాన్నం పొట్లాలు విప్పినప్పుడు గార్డు వచ్చి అత్త పక్కన కూర్చున్నాడు.

"ఆకు తుంచింది తప్పే సారూ. సేతికి అలవాటు" అంది అత్త.

"తుంచొద్దని నాకు నేర్పినారు పెద్దమ్మా. మీరు చెప్పిందే ఎవరూ నేర్పలేదు" అన్నాడు అతను. తిరుగుదారిలో ఆమె పక్కనే నడిచి, కనబడిన ప్రతి చెట్టు గురించీ అడిగాడు. గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచి, మళ్లీ వచ్చేటప్పుడు పిల్లలకు అడవిని పరిచయం చేసే మనిషిగా ఆమె పేరు కూడా లెటరులో రాయమనీ, అప్పుడు ఆమెకూ టికెట్ ఉండదనీ చెప్పాడు.

పోయినేడు అట్లాగే రాశాం. తన పేరున్న ఆ వరుసను అత్త నాతో రెండుసార్లు చదివించుకుంది. లోపలికి పోయేటప్పుడు గార్డు ఆమెకే ముందు దారి వదిలాడు.

మొన్న కలకడ నుంచి ఒక టీచరు ఫోన్ చేసింది. రుసుములు ఎట్లా తప్పించుకున్నారని అడిగితే లెటరు సంగతీ, బస్సు సంగతీ చెప్పాను. మీ మేనత్త మా పిల్లలతో కూడా వస్తుందా అని ఆమె మెల్లగా అడిగింది. ఆ రోజు అత్త మా ఇంట్లోనే ఉంది. ఫోన్ ఆమెకే ఇచ్చాను.

ఏ రోజని కనుక్కుని, ఎంతమంది పిల్లలని కనుక్కుని, "నడిపించే తీసకపోదాం. మంచి సెప్పులు ఏసుకోమని సెప్పమ్మా" అంది అత్త.