పొగ రాకూడని పొగబండి

మొన్న మా చిన్నాన్న కొడుకు ఫోనులో ఒక వీడియో పంపాడు. ప్రపంచంలో ఇంకా పనిచేస్తున్న ఆఖరి ఆవిరి రైళ్లట: బోస్నియాలో ఏదో బొగ్గుగని, పోలండులో ఒక లైను, మన డార్జిలింగు, ఊటీ. ప్రతి ఇంజను మీదా నల్లపొగ మబ్బులా లేస్తోంది. వీడియో కింద జనం దండాల బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం పోయిన మా జేజినాయన, అదే మా తాత, తిట్లు వినిపించాయి.

ఆయన డోన్‌లో రైలింజను ఫైర్‌మ్యాన్. ముప్పై ఏళ్లు ఇంజను పొయ్యిలోకి బొగ్గు ఎగేశాడు. నల్లపొగ వచ్చిందంటే బొగ్గు సరిగ్గా కాలక దండగైనట్టు, అది ఫైర్‌మ్యాన్‌కు పరువు తక్కువ. మంచివాడి ఇంజను మీద పల్చటి బూడిదరంగు పొగే కనబడాలి. రిటైరయ్యాక ఇంజను లేదు గనక ఆ చదువంతా మా జేజి కట్టెల పొయ్యి మీద చూపించేవాడు. "గాలాడకుండా కట్టెలు కుక్కినావు సూడు" అనేవాడు. "అయితే నువ్వే సంగటి కెలుకు, నేను పోయి ఇంజను తోల్తా" అనేది జేజి. ఈ పంచాయితీ తెగేసరికి మాకు ఆకలి చచ్చేది.

ఆయన చూపు ఇంకో ఏడాది నిలిస్తే గొప్పని కంటి డాక్టరు చెప్పాడు. ఇంకొకరైతే మంత్రాలయం తీసుకుపొమ్మంటారు. ఈయన, "ఒక ఇంజను సక్కంగా నడిచేది సూసి కండ్లు మూస్తాలేరా" అన్నాడు. ఆ మాటకు వేరే అర్థముందని చెప్పినా వినలేదు. రెండు రైళ్లు, ఒక బస్సు, నాలుగు తగాదాల తర్వాత ఊటీ బండి ఎక్కించాను. ఇంజనుకు బొగ్గు కాదు, నూనె అని అక్కడ తెలిసింది. అదీ దిగమింగాడు. కొండెక్కుతుంటే భుగభుగమని నల్లపొగ, పెట్టెనిండా చప్పట్లు. "వాని తప్పుకు చప్పట్లు కొడతాండారు కదప్పా" అని తల పట్టుకున్నాడు.

నీళ్లకోసం బండి ఆగగానే చేతికర్రతో దిగి, నన్ను లాక్కుంటూ ఇంజను దగ్గరికి పోయాడు. "నాయనా, పొగ శానా వస్తాండాది. గాలి పెంచు" అన్నాడు. అక్కడున్న కుర్ర ఫైర్‌మ్యాన్ వచ్చీరాని తెలుగులో, "తెలుసు పెద్దాయనా. ఫోటోలకు పొగ కావాలని జనం అడుగుతారు, అందుకే ఇస్తాం" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, లోపల ఏదో తిప్పాడు. నల్లపొగ తగ్గి, పల్చటి బూడిదరంగు దారం ఒకటి మిగిలింది. ఆ నిమిషమంతా జేజినాయన రెప్ప వేయలేదు. ఇంజను చెడిపోయిందా అని వెనక పెట్టెలోంచి ఎవరో అరిచారు. కుర్రాడు నవ్వి మళ్లీ నల్లపొగ వదిలాడు.

కాలం మనిషి పనిని పట్టుకుపోతే పోనీ అనుకోవచ్చు. తప్పును ఫోటోల్లో దాచిపెట్టి, ఒప్పును మాత్రం పట్టుకుపోతుందే, అదే నాకు ఒళ్లుమంట.