గౌరీదేవి మూడు వాంగ్మూలాలు

పెద్దకొడుకు చేత చిన్నకొడుకును గౌరీదేవే చంపించిందని టాటానగర్ రైల్వే కాలనీలో కొందరు ఇప్పటికీ అంటారు. కోడలు రజని నూరిపోసిందని మరికొందరి మాట. తాగుడే కారణమని ఎక్కువమంది తేల్చేశారు. ఆ మాట అనేస్తే ఇక ఆలోచించవలసిన పని ఉండదు. చిన్నవాడి మీది మమకారంతో పెద్దవాడి మీద అబద్ధపు సాక్ష్యం చెప్పిందని నమ్మినవాళ్లు ఆమెను తెలుగు సంఘం భోజనాలకు పిలవడం మానేశారు.

కేసు కాగితాలన్నీ చదివి, ఆమెతో రెండు సాయంత్రాలు, రజనితో ఒక పూట మాట్లాడిన మీదట ఈ మాటల్లో ఒక్కటీ నిలవదని చెప్పగలను. హత్య జరిగిన వారమంతా రజని కూతురితో సహా రాయగడలో, పుట్టింట్లో ఉంది. అరెస్టయిన పూట పెద్దకొడుకు దేముడి దగ్గర మద్యం వాసన లేదని వైద్యుడు రాసిన చీటీ ఉంది. మిగిలిన రెండు నిందలకు సమాధానం గౌరీదేవి జీవితంలోనే వెతకాలి.

పలాస దగ్గరి పల్లె నుంచి పద్దెనిమిదో ఏట కూర్మారావు భార్యగా ఆమె ఈ ఊరు వచ్చింది. వ్యాగన్లు మరమ్మతు చేసే షెడ్డులో అతనికి పని. 2013లో, ఇంకా సర్వీసులో ఉండగానే, గుండె ఆగి పోయాడు. అలా పోయినవారి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తారు; మిగిలినవారు తమకు అభ్యంతరం లేదని సంతకం చేయాలి. ఇద్దరు కొడుకుల్లో మార్కులు ఎక్కువ వచ్చినవాడు చిన్నవాడు, ఇరవై ఏళ్ల చందు. అయినా తల్లి, "పెద్దోడు పెద్దోడే" అని, దేముడి పేరే ఇచ్చింది. చందు నవ్వుతూనే సంతకం పెట్టాడు. తల్లినీ తమ్ముణ్ణీ పోషిస్తానని, లేకపోతే ఉద్యోగం తీసివేయవచ్చునని దేముడు కూడా ఒక హామీ రాసి ఇచ్చాడు. ఆ హామీని కాలనీలో ఎవరూ లెక్కచేయరు. ఫారాల్లో అదొక ఫారం.

చందు స్టేషను నుంచి ఊళ్లోని సోనారి పేటకు ఆటో నడిపాడు. అన్నను ఏది అడిగినా ఆ సంతకంతోనే మొదలుపెట్టేవాడు. తీర్చుకోలేని ఉపకారం పొందిన మనిషికి ఉపకారి ముఖం చూడడమే కష్టమవుతుంది. దేముడు తమ్ముడి నిద్రలో, నడకలో, తడి తువ్వాలులో తప్పులు వెతికాడు. 2018లో ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు.

"ఏటిరా, కంచం ముందు ఫోనేటి? తిండికి మాత్రం టైముకి వత్తావు," అన్నాడు దేముడు.

"నా సంతకం అన్నమే కదా భయ్యా. ఆరామ్‌సే తింటాను."

"రోజూ అదే సంతకం! ఫ్రేము కట్టించి గోడకెట్టుకో."

"ఫ్రేములో నాన్న ఉన్నాడు కదా. ఆయన పోతేనే గదా నీకు డ్యూటీ దొరికింది. దండమెట్టుకుని ఎల్లు."

దేముడి భార్య రజనికి నవ్వు ఆగలేదు. ఈ మొత్తం వ్యవహారంలో ఆమె చేసిన నేరం ఆ నవ్వు ఒక్కటే. దేముడు లేచి తమ్ముడి చెయ్యి మెలితిప్పాడు. మణికట్టు విరిగింది.

ఆస్పత్రిలో వైద్యుడు చందును అడిగితే తల్లి ముందుగా జవాబిచ్చింది: బాత్‌రూములో కాలు జారింది. చీటీ మీద అదే ఉంది. ఎందుకలా చెప్పిందో అర్థం చేసుకోవడానికి ఆ కాలనీలో బతకాలి. రైల్వే మనిషి నలభై ఎనిమిది గంటలు మించి లాకప్పులో ఉంటే సస్పెండవుతాడని అక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. పక్క క్వార్టరు నూకమ్మ ఆస్పత్రికి తోడు వస్తూ దారిలోనే హెచ్చరించింది: "ఆడు లోపలికెల్తే మీరంతా ఏటి తింటారమ్మా?"

మూడేళ్ల తరువాత డ్యూటీకి పోతూ దేముడు విసిరిన టిఫిన్ క్యారియర్ చందు తలకు తగిలింది. ఏడు కుట్లు పడ్డాయి. ఈసారి ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. గౌరీదేవి పోలీసు ఔట్‌పోస్టుకు వెళ్లి, తన కొడుకుల మధ్య గొడవలేమీ లేవని, చిన్నవాడు మెట్ల మీద పడ్డాడని రాయించి, తెలుగులో సంతకం చేసింది. చందు చేత కూడా చేయించింది. సంఘం పెద్ద సూర్యం దగ్గరుండి ఆ పని జరిపించి, అందరినీ ఇంటికి తీసుకువచ్చాడు.

"చిన్నోడివి, నువ్వే వంగాలి. అన్న కాళ్లకి దండమెట్టు. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాల," అన్నాడు.

"దెబ్బ తిన్నది నేను, పెద్దనాన్నా."

"అందుకే సెప్తన్నా. తగ్గినోడే గొప్పోడు."

తలకు కట్టుతో చందు వంగాడు. కుట్లు లాగుతుంటే గోడ పట్టుకున్నాడని రజని చెప్పింది. దేముడు కాళ్లు వెనక్కి తీసుకోలేదు. రాజీ కుదిరిందని సంఘం వారు టీ తాగి వెళ్లారు. దెబ్బ తిన్నవాడు కొట్టినవాడికి మొక్కడమే మన సంఘాల్లో రాజీ. కొట్టినవాడు దానివల్ల ఏం నేర్చుకుంటాడో ఆ గదిలో ఎవరూ ఆలోచించలేదు.

చందు ఆలోచించాడు. అన్న రాసిన హామీ నకలు ఇంట్లోనే దొరికింది. 2022 ఫిబ్రవరిలో ఒక శనివారం టైపు చేయించిన అర్జీ తెచ్చి తల్లి ముందు పెట్టాడు.

"మా, ఇక్కడ సైన్ చెయ్యి."

"ఏటిది?"

"భయ్యా కొడతన్నాడు, చూసుకోడం నేదు అని ఆఫీసుకి. నౌకరీ పోదులే. ఒక నోటీసు వత్తాది, డరిపోయి దారికొత్తాడు. బస్."

"నా చేత్తో నా ఇంటి కూడు తీసేమంటావా?"

"నువ్వెట్టకపోతే సోమవారం నేనే ఇచ్చేత్తాను. అన్నకి సెప్పకు, మా. నా మీదొట్టు, కసమ్."

ఆమె చెప్పనని తల ఊపింది. సంతకం పెట్టలేదు.

ఆదివారం ఉదయం పెద్దకొడుక్కి టీ ఇస్తూ ఆమె అన్న మాట ఏ రికార్డులోనూ లేదు. ఆమె తానుగా నాకు చెప్పింది: "ఒరే, ఆడు ఆఫీసులో కాగితమెడతానంటన్నాడు. ఇకనైనా సెయ్యెత్తకు. మంచిగా ఉండు." భయపెడితే మెత్తబడతాడనుకుంది. ఆ ఉద్యోగం తనది కాదన్న భయమే ఇన్నేళ్లుగా అతని చేత కొట్టిస్తున్నదని ఆమెకు తెలియదు.

అరగంట తరువాత దేముడు పెరట్లోకి వెళ్లాడు. చందు కొళాయి దగ్గర ఆటో సీటు కడుగుతున్నాడు. తల్లి గుమ్మంలో ఉంది.

"నా ఉద్యోగం తీయించేత్తావేట్రా?"

చందు తల తిప్పి తల్లిని చూశాడు. తరువాత అన్నాడు: "నీదెప్పుడైంది భయ్యా అది?"

రోటి పక్కనున్న పొత్రంతో దేముడు రెండుసార్లు కొట్టాడు. రెండో దెబ్బ, చందు నేల మీద పడిన తరువాత. కోపంలో చెయ్యి జారిందన్న వాదం ఆ రెండో దెబ్బ దగ్గర వీగిపోతుంది.

విచారణ వరకూ పద్నాలుగు నెలలు ఆమె మీద ఒత్తిడి నడిచింది. చూసినది ఆమె ఒక్కతే. ఆమె కాదంటే దేముడు విడుదలవుతాడు, ఉద్యోగమూ తిరిగి రావచ్చు. సూర్యం వచ్చి, "పోయినోడు రాడు తల్లీ. ఉన్నోడిని నిలబెట్టుకో," అన్నాడు. రజని మూడేళ్ల కూతుర్ని ఆమె ఒళ్లో కూర్చోబెట్టి ఏడ్చింది: "దీని ముఖం చూడత్తా. జారి పడ్డాడని ఒక్క మాట."

ఆ మాట ఆమెకు కొత్త కాదు.

కోర్టులో దేముడి వకీలు హిందీలో మర్యాదగానే అడిగాడు: "మాజీ, మీ అబ్బాయి జారిపడ్డాడు కదా?"

"లేదు. నా పెద్దకొడుకు కొట్టాడు. రెండుసార్లు."

"ఇంతకు ముందు రెండుసార్లూ పడ్డాడనే చెప్పారు. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేదా?"

"అప్పుడు చెప్పిందే, బాబూ. అప్పుడే నిజం చెప్పుంటే ఇవాళ నీకు ఈ కేసు ఉండేది కాదు."

దేముడికి యావజ్జీవం పడింది. రజని పాపతో రాయగడ వెళ్లిపోయింది. క్వార్టరు పోయింది. గౌరీదేవి ఇప్పుడు అదే ఊళ్లో, సిద్ధగోరాలో ఒక గది అద్దెకు తీసుకుని, కొడుకులు ఎంతమందని అడిగేవాళ్లకు దూరంగా ఉంటోంది.

హత్య చేసినవాడు దేముడు. ఆ నేరంలో తల్లికి వాటా లేదు. ఆమె ఎవరినీ ఉసిగొల్పలేదు, కోర్టులో అబద్ధమాడలేదు. కాని కొట్టే కొడుకును కాపాడడానికి తెలిసి రెండుసార్లు తప్పుడు వాంగ్మూలం ఇచ్చింది. దెబ్బలు తినే కొడుకు చెప్పవద్దని బతిమాలిన మాటను, కొట్టేవాడికే చెప్పింది. చివరికి నిజం చెప్పింది, కాని అప్పటికి చందు లేడు.